గీత అతికినట్టు సరిపోతుంది, లోపలి అంకెలే నిలవవు: ఎక్స్‌పొనెన్షియల్ ఫిట్టింగ్‌లో చిక్కు ఎక్కడుంది?

క్లుప్తంగా: తగ్గుతూ పోయే కొలతలను రెండు మూడు ఎక్స్‌పొనెన్షియల్ గీతల మొత్తంగా విడగొట్టడం ఫిజిక్స్ ల్యాబుల నుంచి ఆసుపత్రుల దాకా మామూలుగా జరిగే పని. గీత దాదాపు ఎప్పుడూ బాగానే సరిపోతుంది. కానీ అందులో ఏ భాగం ఎంత, ఏది ఎంత వేగంగా తగ్గుతోంది అనే అంకెలు మాత్రం కొలతలో చిటికెడు తేడాకే తారుమారవుతాయి. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, ఈ గీతల స్వభావమే అంత. ఏ ప్రశ్నకు ఈ లెక్క జవాబివ్వగలదు, దేనికి ఇవ్వలేదు అన్నది ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

తిరుపతి లాంటి చదువుల ఊళ్లో ప్రాజెక్టుల కాలం వస్తే ఒక సందేహం తప్పకుండా తలెత్తుతుంది. ఒకే డేటా, ఒకే సాఫ్ట్‌వేర్. ఇద్దరు స్నేహితులు వేర్వేరుగా ఫిట్ చేస్తారు, అంటే చుక్కలకు సరిపోయే గీతను వెతుకుతారు. గీత చుక్కలకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే ఆర్ స్క్వేర్ విలువ (1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) ఇద్దరికీ 0.999 దాటుతుంది, గ్రాఫ్ మీద గీత చుక్కల మీదుగా అందంగా వెళ్తుంది, కానీ ఒకరికి అర్ధాయువు 10 అని వస్తే ఇంకొకరికి 30 అని వస్తుంది. ఎవరిది తప్పు? చాలాసార్లు ఎవరిదీ కాదు.

## ముందు ఒక గీత, తర్వాత రెండు

ఎంత మిగిలి ఉందో దానికి తగ్గట్టుగానే తగ్గుదల కూడా ఉంటే దాన్ని ఎక్స్‌పొనెన్షియల్ తగ్గుదల అంటారు. పది నిమిషాల్లో సగం అయితే, ఇంకో పది నిమిషాల్లో ఆ మిగిలినదాంట్లో సగం, మళ్లీ పది నిమిషాల్లో దాంట్లో సగం. సగం కావడానికి పట్టే కాలమే అర్ధాయువు. ఇలాంటి గీతలో కనుక్కోవాల్సినవి రెండే: మొదట ఎంత ఉంది, ఎంత వేగంగా తగ్గుతోంది.

ఒక్క గీతతో సరిపోయే సందర్భాలు హాయిగా ఉంటాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మీటియార్ రాడార్ ఉంది. ఉల్క ఆకాశంలో కాలిపోతూ వదిలిన విద్యుదావేశపు చార మీద రాడార్ తరంగం పడి వెనక్కి వస్తుంది. ఆ చార చుట్టుపక్కల గాలిలోకి వ్యాపించేకొద్దీ సిగ్నల్ సెకనులో చిన్న భాగంలోనే ఎక్స్‌పొనెన్షియల్‌గా సన్నగిల్లుతుంది. ఆ తగ్గే వేగం నుంచే సుమారు 90 కిలోమీటర్ల ఎత్తులో గాలి సంగతులు లెక్క కడతారు.

రెండు కలిసిన సందర్భానికి వెండి మంచి ఉదాహరణ. మామూలు వెండిలో 107, 109 అనే రెండు ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులు) దాదాపు సగం సగం ఉంటాయి. న్యూట్రాన్లు తగిలితే అవి రేడియోధార్మికమైన 108, 110 అవుతాయి. మొదటిదాని అర్ధాయువు సుమారు 2.4 నిమిషాలు, రెండోదానిది సుమారు 24.6 సెకన్లు. రేడియేషన్‌ను టిక్కులుగా లెక్కపెట్టే కౌంటర్‌కు మాత్రం ఏ టిక్కు ఎవరిదో తెలియదు, రెండూ కలిపిన మొత్తమే వినిపిస్తుంది. ఆ మొత్తాన్ని చూసి ఎవరి వాటా ఎంతో తేల్చాలి. ఇక్కడ అర్ధాయువుల మధ్య సుమారు ఆరు రెట్ల తేడా ఉంది కాబట్టి పని సాఫీగా సాగుతుంది. తేడా రెండు రెట్లకు దిగినప్పుడు ఏమవుతుందో చూడాలి.

## రైలు దిగిన రెండు వేల మంది

తిరుపతి స్టేషన్‌లో ఒక రైలు ఆగింది, రెండు వేల మంది దిగారు అనుకుందాం. అందులో వెయ్యి మంది భుజానికి ఒక సంచి తగిలించుకుని నేరుగా కొండ బస్సుల వైపు నడిచేవాళ్లు. ప్లాట్‌ఫారం మీద వాళ్ల సంఖ్య ప్రతి 5 నిమిషాలకూ సగమవుతుంది. మిగతా వెయ్యి మంది పిల్లలు, ముసలివాళ్లు, సామాన్లతో నెమ్మదిగా కదిలేవాళ్లు. వాళ్ల సంఖ్య 10 నిమిషాలకు గానీ సగం కాదు. పైన వంతెన మీద నిలబడినవాడికి ఈ తేడా తెలియదు, తలలు మాత్రమే కనిపిస్తాయి. పది నిమిషాలకోసారి లెక్కపెడతాడు.

అసలు లెక్క ఇలా నడుస్తుంది: 2000, 750, 312.5, 140.6. మనుషుల్ని అంత కచ్చితంగా ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టి పదులకు సవరించి 2000, 750, 310, 140 అని రాసుకున్నాడు. కనుక్కోవాల్సినవి నాలుగు (రెండు గుంపుల సంఖ్యలు, రెండు వేగాలు), చేతిలో ఉన్న కొలతలూ నాలుగు. కాబట్టి గీత నాలుగు చుక్కల మీదుగానూ కచ్చితంగా వెళ్తుంది. సమీకరణాలు సాధిస్తే వచ్చే జవాబు: నెమ్మది గుంపులో సుమారు 700 మంది, వాళ్ల అర్ధకాలం 11 నిమిషాలు. రెండో గుంపులో 1300 మంది, అర్ధకాలం 5.6 నిమిషాలు. పదులకు సవరించినంత మాత్రానికే వెయ్యి మందిలో మూడు వందల మంది గుంపు మారిపోయారు.

ఇప్పుడు చివరి లెక్కలో పది మంది తేడా పడిందనుకుందాం. 140 బదులు 150 అని రాశాడు. ఈసారి నెమ్మది గుంపు 130 మందికి పడిపోతుంది, వాళ్ల అర్ధకాలం 37 నిమిషాలకు పెరుగుతుంది. అదే 130 అని రాసి ఉంటే? నెమ్మది గుంపు 1750 మంది, అర్ధకాలం 8 నిమిషాలు. మొదట దిగిన రెండు వేల మందితో పోలిస్తే పది మంది అంటే అర శాతం. ఆ అర శాతానికి 130 నుంచి 1750 దాకా ఊగిన జవాబు ఇది. మూడు సందర్భాల్లోనూ గీత తన చుక్కల మీదుగా వెంట్రుకవాసి తేడా లేకుండా వెళ్లింది. ఆర్ స్క్వేర్ చూస్తే మూడింటికీ 1.

అయితే ఇదే ఉదాహరణలో రెండో సంగతి కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఎవరూ లెక్కపెట్టని ఐదో నిమిషంలో ప్లాట్‌ఫారం మీద ఎంతమంది ఉన్నారని ఈ గీతల్ని అడిగితే 1210, 1214, 1195 అంటాయి. అసలు సంఖ్య 1207. అంటే లోపలి కథలు మూడూ పూర్తిగా వేరైనా, బయటికి చెప్పే జవాబు రెండు శాతం లోపు తేడాతో ఒకటే. గీతను నమ్మవచ్చు, గీత లోపలి కథను నమ్మడం కష్టం. మొత్తం చిక్కంతా ఇక్కడే ఉంది.

## ఎందుకిలా అవుతుంది

ఎక్స్‌పొనెన్షియల్ గీతలన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. ఒకటి 1.0 వేగంతో, ఇంకొకటి 1.2 వేగంతో తగ్గుతున్నాయనుకుందాం. రెండింటినీ సగం సగం కలిపితే వచ్చే గీత, 1.1 వేగంతో తగ్గే ఒంటరి గీతకు ఎంత దూరంగా ఉంటుంది? మొదటి విలువలో 0.2 శాతం కంటే కొంచెం ఎక్కువ, అదీ అత్యంత దూరం జరిగిన చోట. కొలతలో ఒక శాతం నాయిస్ (అటూ ఇటూగా దొర్లే చిన్న తప్పులు) ఉంటే, నాలుగైదు చుక్కలతో ఇక్కడ రెండు ఉన్నాయా ఒకటే ఉందా అన్నది కనిపెట్టే మార్గమే లేదు.

కొంచెం లోతుగా చూస్తే కారణం ఇంకా స్పష్టమవుతుంది. కొలతల లాగరిథమ్ తీసి కాలానికి ఎదురుగా గ్రాఫ్ గీస్తే, మొదట్లో ఆ గీత వాలు అన్ని భాగాల వేగాల సగటును చెబుతుంది. ఆ గీత ఎంత వంగిందన్నది వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెబుతుంది. వంపు ఎలా మారుతోందన్నది ఆ చెదురు ఒక పక్కకు ఒరిగి ఉందా లేదా అని చెబుతుంది. వాలును ఏ డేటా అయినా బాగానే చూపిస్తుంది. వంపును మంచి డేటా చూపిస్తుంది. వంపులో మార్పు కనిపించాలంటే డేటా చాలా శుభ్రంగా ఉండాలి. ఆ తర్వాతి మెట్టు దాదాపు ఎవరికీ అందదు. కొత్తగా ఒక ఎక్స్‌పొనెన్షియల్ చేర్చిన ప్రతిసారీ ఇలాంటి సమాచారం ఇంకో రెండు ముక్కలు కావాలి, డేటా ఇవ్వలేకపోయినా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె వేసి ఇచ్చేస్తుంది.

రేడియోతో పోల్చితే తేడా తెలుస్తుంది. తిరుపతి ఆకాశవాణి, పక్కనే ఇంకో స్టేషన్ ఒకేసారి ప్రసారం చేస్తున్నా రేడియో రెండింటినీ విడదీయగలదు. ఎందుకంటే ఆ తరంగాలు ఊగుతూనే ఉంటాయి, ఎక్కువసేపు వింటే రెండింటి మధ్య తేడా పోగుపడుతూ ఉంటుంది. తగ్గే గీతలకు ఆ సౌలభ్యం లేదు. ఎక్కువసేపు ఆగితే తేడా పెరగకపోగా సిగ్నలే చచ్చిపోతుంది, మిగిలేది నాయిస్. తగ్గే గీతల మొత్తం నుంచి వేగాల్ని వెలికితీయడాన్ని గణితంలో లాప్లాస్ రూపాంతరాన్ని వెనక్కి తిప్పడం అంటారు, ఈ పని సహజంగానే అస్థిరమైనదని చాలా కాలంగా తెలుసు.

## లాంజోస్ 24 చుక్కలు

ఈ విషయాన్ని అందరికీ గుర్తుండిపోయేలా చూపించినవాడు కొర్నేలియస్ లాంజోస్, హంగేరీలో పుట్టిన గణితవేత్త. 1956లో వచ్చిన తన పుస్తకంలో ఆయన మూడు ఎక్స్‌పొనెన్షియల్స్ కలిపి 24 కొలతలు తయారుచేశాడు. వేగాలు 1, 3, 5. వాటి పరిమాణాలు వరసగా 0.0951, 0.8607, 1.5576. విలువల్ని రెండు దశాంశాలకు సవరించాడు. తర్వాత అదే డేటాకు రెండే ఎక్స్‌పొనెన్షియల్స్ సరిపోతాయని చూపించాడు: వేగాలు 1.58, 4.45, పరిమాణాలు 0.305, 2.202.

కాలిక్యులేటర్‌తో ఎవరైనా సరిచూసుకోవచ్చు. కాలం 0 దగ్గర అసలు విలువ 2.513, రెండింటి మొత్తం 2.507. కాలం 0.5 దగ్గర 0.378, 0.376. కాలం 1 దగ్గర 0.0883, 0.0885. రెండు దశాంశాలకు సవరిస్తే అన్నీ ఒకటే. అసలు డేటాను తయారుచేసిన మూడు వేగాల్లో ఒక్కటి కూడా జవాబులో లేదు, అయినా గీత సరిపోయింది. ఈ డేటా ఇప్పటికీ ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్లకు పరీక్షగా వాడుకలో ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ లాంజోస్ పేరుతోనే మూడు డేటా సెట్లు ఉంచింది. తేడా అంతా అంకెల కచ్చితత్వంలోనే: ఒకటి 14 అంకెలు, ఒకటి 6, ఒకటి 5. అంకెలు ఎక్కువ ఉంటే మూడు వేగాలూ బయటపడతాయి. ఇలాంటి తగ్గుదలల్ని ల్యాబులో 14 అంకెల కచ్చితత్వంతో కొలిచే మామూలు పరికరమేదీ లేదు.

## పద్ధతులు మారాయి, చిక్కు మారలేదు

ఈ సమస్యకు రెండు శతాబ్దాలు దాటాయి. 1795లో ఫ్రెంచ్ ఇంజనీర్ గాస్పర్ ద ప్రోనీ ఒక ఉపాయం కనిపెట్టాడు. సమాన వ్యవధుల్లో కొలిస్తే, రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ మొత్తంలో ప్రతి విలువనూ దానికి ముందున్న రెండు విలువల నుంచి ఒకే సూత్రంతో రాబట్టవచ్చు. ఆ సూత్రంలోని గుణకాలు తెలిస్తే ఒక వర్గ సమీకరణం వస్తుంది, దాని మూలాలే వేగాల్ని చెబుతాయి. పైన రైలు లెక్క చేసింది ఈ పద్ధతిలోనే. చాలా అందమైన పద్ధతి, కానీ నాయిస్‌ను అస్సలు తట్టుకోలేదు.

కంప్యూటర్లు రాకముందు ఎక్కువగా నడిచింది పొర ఒలిచే పద్ధతి. సెమీలాగ్ పేపర్ (నిలువు అక్షం లాగరిథమ్ కొలతలో ఉండే గ్రాఫ్ పేపర్) మీద చుక్కలు పెడితే చివరి భాగం తిన్నటి గీతలా కనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి వేగంగా తగ్గేది అయిపోయి నెమ్మదిగా తగ్గేదే మిగిలి ఉంటుంది. ఆ గీతను వెనక్కి పొడిగించి మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది వేగంగా తగ్గే భాగం. ఉల్లిపాయ పొరల్లా ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ పోవచ్చు. 1939లో బార్న్స్ అనే ఇంజనీర్ నదుల్లో వరద తీసేటప్పటి ప్రవాహాన్ని ఇలాగే మూడు భాగాలుగా చూశాడు: పైన పారే నీరు, పై మట్టిపొరలోంచి వచ్చే నీరు, భూగర్భం నుంచి ఊరే నీరు. 2021 నవంబరు వరదల తర్వాత స్వర్ణముఖి నది తీసిన తీరును ఎవరైనా గ్రాఫ్ గీయబోతే మొదట గుర్తొచ్చే పద్ధతి ఇదే.

ఇందులో ప్రమాదం ఎక్కడుందంటే, అన్నిటికీ పునాదిగా తీసుకునే చివరి భాగమే కొలతల్లో అన్నిటికంటే బలహీనమైనది. అక్కడ సిగ్నల్ తక్కువ, నాయిస్ వాటా ఎక్కువ. తోకలో పడిన తప్పు ప్రతి పొరలోకీ పాకుతుంది. వెండి ప్రయోగంలో అయితే ఇంకో ఉచ్చు ఉంది. వెండి లేకపోయినా కౌంటర్ చుట్టుపక్కల రేడియేషన్ వల్ల టిక్కుమంటూనే ఉంటుంది. ఆ నేపథ్యాన్ని విడిగా కొలిచి తీసేయకపోతే, అది చాలా నెమ్మదిగా తగ్గే మూడో భాగంలా కనిపించి లేని ఐసోటోపును పుట్టిస్తుంది.

ఇప్పుడు పని అంతా కంప్యూటర్‌దే. లెవెన్‌బర్గ్ 1944లో, మార్క్వార్ట్ 1963లో ఇచ్చిన పద్ధతి చాలా సాఫ్ట్‌వేర్ల లోపల నడుస్తోంది. ఒక ఊహ దగ్గర మొదలుపెట్టి తప్పు తగ్గే దిక్కున అడుగులు వేస్తూ పోతుంది. ఎక్స్‌పొనెన్షియల్ మొత్తాలకు ఆ తప్పు లోయ గుంటలా ఉండదు, పొడవాటి చదునైన కాలువలా ఉంటుంది. అందులో ఎక్కడ ఆగినా తప్పు దాదాపు ఒకటే. అందుకే ఇద్దరు స్నేహితులు వేర్వేరు ఊహలతో మొదలుపెడితే వేర్వేరు చోట్ల ఆగుతారు. 1973లో గోలబ్, పెరేరా ఇచ్చిన పద్ధతి పరిమాణాల్ని లెక్కలోంచి పక్కకు తీసి వేగాల మీదే వెతుకుతుంది కాబట్టి చాలా నయం, త్వరగా తేలుతుంది. కాలువ మాత్రం కాలువగానే ఉంటుంది. డేటాలో లేని సమాచారాన్ని ఏ పద్ధతీ పుట్టించలేదు.

## ఏ ప్రశ్న అడుగుతున్నామన్నదే అసలు సంగతి

ఇంత అస్థిరమైన లెక్క ఆసుపత్రుల్లో ఎలా పనికొస్తోంది? అక్కడ అడిగే ప్రశ్న వేరు కాబట్టి. కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో తెలుసుకోవడానికి రక్తంలోకి ఒక మందు ఎక్కించి అది తగ్గే తీరును కొలిచే పరీక్ష ఒకటి ఉంది. మందు మొదట రక్తంలోంచి ఒంట్లోకి పాకుతూ వేగంగా తగ్గుతుంది, తర్వాత కిడ్నీల ద్వారా బయటికి పోతూ నెమ్మదిగా తగ్గుతుంది. అంటే రెండు ఎక్స్‌పొనెన్షియల్స్. డాక్టరుకు కావాల్సింది ఇచ్చిన డోసును గీత కింది వైశాల్యంతో భాగిస్తే వచ్చే అంకె. వైశాల్యం అనేది మొత్తానికి సంబంధించిన విషయం, అందులో ఎవరి వాటా ఎంతన్నది కాదు. వాటాలు ఊగినంతగా వైశాల్యం ఊగదు. రోగిని పదే పదే సూదితో పొడవకుండా మందు ఇచ్చిన రెండు నుంచి నాలుగు గంటల మధ్య రెండు మూడు శాంపిళ్లే తీసి, ఒక్క గీతతో సరిపెట్టే పద్ధతి కూడా ఉంది. అప్పుడు మొదటి వేగపు భాగం వైశాల్యం లెక్కలో చేరదు కాబట్టి కిడ్నీ పని ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తేడాను సరిదిద్దే సూత్రాన్ని 1972లో డెన్మార్క్‌కు చెందిన బ్రోచ్నర్-మార్టెన్సెన్ ఇచ్చాడు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

బ్యాటరీల విషయం ఇంకో రకం. తిరుపతి దగ్గర బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న కరకంబాడి పేరు చెబితే ఈ ప్రాంతంలో అందరికీ బ్యాటరీలే గుర్తొస్తాయి. లోడ్ తీసేసిన తర్వాత బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా కొంచెం ఎగిరి, తర్వాత నిమిషాలు, గంటల పాటు నెమ్మదిగా పెరుగుతూ స్థిరపడుతుంది. ఇంజనీర్లు దీన్ని రెండు మూడు రెసిస్టర్–కెపాసిటర్ జతలుగా, అంటే రెండు మూడు ఎక్స్‌పొనెన్షియల్స్‌గా రాసుకుంటారు. వోల్టేజి తర్వాత ఎలా కదులుతుందో అంచనా వేయడానికి అది బాగా పనిచేస్తుంది. కానీ లోపల జరుగుతున్న వ్యాపనం నిజంగా రెండు ముక్కలు కాదు, అంతులేని ముక్కల వరస. కొలిచే కాలం పెంచుకుంటూ పోతే ఇంకో ఎక్స్‌పొనెన్షియల్, ఇంకా పెంచితే మరొకటి అవసరమవుతూనే ఉంటాయి. అలాంటి చోట మూడో జతకు ఒక రసాయన క్రియ పేరు పెట్టేస్తే అది పొరపాటు. అక్కడి భాగాల సంఖ్య బ్యాటరీ గురించి కాదు, ఎంతసేపు కొలిచారన్నదాని గురించి చెబుతోంది.

భాగాలు నిజంగా విడిపోయే సందర్భాలూ ఉన్నాయి. హెచ్ఐవీ మందులు మొదలుపెట్టాక రక్తంలో వైరస్ రెండు దశల్లో తగ్గుతుందని, ఒకటి రోజుల లెక్కన, ఇంకొకటి వారాల లెక్కన నడుస్తుందని 1997లో పెరెల్సన్ బృందం చూపించింది. వేగాల మధ్య తేడా అంత పెద్దది కాబట్టి, కొలతలు వారాల తరబడి సాగాయి కాబట్టి, ఆ రెండు దశలకూ అర్థం చెప్పడం సాధ్యమైంది.

## చేతిలో ఉన్న డేటాతో ఏం చేయవచ్చు

ఆర్ స్క్వేర్‌ను పక్కన పెట్టడం మొదటి పని, అది ఇక్కడ దేన్నీ తేల్చదు. దాని బదులు గీతకూ చుక్కలకూ మధ్య మిగిలిన తేడాల్ని విడిగా గ్రాఫ్ గీసి చూడాలి. అవి కిందా మీదా చెల్లాచెదురుగా ఉంటే ఇంకో భాగం చేర్చడానికి కారణం లేదు, అలలా ఊగుతుంటే ఏదో మిగిలి ఉంది. తర్వాత ప్రతి అంకెకూ ఎంత అనిశ్చితి ఉందో చూడాలి. అర్ధాయువు 10 అని కాకుండా 10కి అటూ ఇటూ 25 అని వస్తే, రెండో భాగం ఉందని డేటా చెప్పడం లేదు. లాగరిథమ్ తీసి తిన్నటి గీత ఫిట్ చేసేవాళ్లు చివరి చుక్కల నాయిస్‌ను అలాగే పెద్దది చేస్తున్నారు, వాటికి తగ్గ తూకం ఇచ్చి ఫిట్ చేయడం మేలు.

కొలతలు మొదలుపెట్టక ముందే ఆలోచిస్తే ఇంకా చాలా చేయవచ్చు. వేగంగా తగ్గే భాగం కోసం మొదట్లో దగ్గర దగ్గరగా, నెమ్మది భాగం కోసం చివర్లో ఎక్కువసేపు కొలవాలి. ఒకే పదార్థాన్ని వేర్వేరు పరిస్థితుల్లో కొలిచి, వేగాలు అన్నిటికీ ఒకటేనని పెట్టి అన్నీ కలిపి ఫిట్ చేస్తే ఫలితం చాలా గట్టిపడుతుంది. ఫ్లోరెసెన్స్ (వెలుగు పడిన పదార్థం తిరిగి వెలుగు వదలడం) ప్రయోగాలు చేసేవాళ్లకు ఇది బాగా అలవాటైన దారి.

అన్నిటికంటే బలమైనది, ముందే తెలిసినదాన్ని లెక్కలో పెట్టేయడం. వెండి ఐసోటోపుల అర్ధాయువులు పట్టికల్లో ఉన్నాయి, వాటిని మళ్లీ కనుక్కోవాల్సిన పని లేదు, వాటాలు కనుక్కుంటే చాలు. రైలు లెక్కకే తిరిగి వస్తే, రెండు గుంపుల అర్ధకాలాలు 5, 10 నిమిషాలని ముందే తెలుసనుకుందాం. ఇంకో రోజు గేటు దగ్గర నిలబడి విడిగా చూసి తెలుసుకున్నారు. అప్పుడు చివరి లెక్క 150 అని తప్పుగా రాసినా నెమ్మది గుంపు 1005 మంది అని వస్తుంది. 130 అని రాస్తే 985 మంది. ఇంతకుముందు అదే తప్పులకు 130, 1750 అని వచ్చిన చోటే.